ఇన్‌స్టలేషన్ పత్రం మీద సంతకం పెట్టనా, మాననా?

హైదరాబాద్‌లో ఒక చిన్న ఇంప్లిమెంటేషన్ కంపెనీలో మూడేళ్లుగా శాప్ బేసిస్ పని (శాప్ కంపెనీ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్లను పెట్టి చూసుకునే పని) చేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి దాని సారాంశం ఇస్తున్నాం.

ఆమె కంపెనీ ఒక మందుల తయారీ సంస్థకు శాప్ వ్యాపార సాఫ్ట్‌వేర్ ఎస్/4 హానా పెడుతోంది (హానా దాని డేటాబేస్). బ్యాంకుతో, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌తో డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి పక్కనే ప్రాసెస్ ఆర్కెస్ట్రేషన్ జావా సర్వర్ కూడా ఉంది. పని మొదలుపెట్టిన సీనియర్ మధ్యలో ఉద్యోగం మారి వెళ్లిపోయారు. డెవలప్‌మెంట్, క్వాలిటీ సర్వర్లు ఆయన పూర్తి చేసినవే. అసలు పని నడిచే ప్రొడక్షన్ సర్వర్ సగంలో ఉండగా ఈమె చేతికి వచ్చింది, మిగిలిన సగం ఈమె ముగించారు. గో-లైవ్, అంటే సిస్టమ్ అసలు వాడకంలోకి రావడం, వచ్చే నెల ఒకటో తేదీన.

ముగించాక ఒక్కొక్కటే కంటపడింది. ఇన్‌స్టలేషన్ ఫైళ్లు శాప్ సైటు నుంచి దించినవి కావు, ఏదో పాత ప్రాజెక్టు హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేసినవి. అనుమానం వచ్చి కెర్నల్ (శాప్‌ను నడిపే మూల ప్రోగ్రాములు) ఆర్కైవ్‌ను కస్టమర్ ఎస్-యూజర్‌తో, అంటే శాప్ సైటు లాగిన్‌తో, మళ్లీ దించి పోల్చి చూస్తే, ఫైలు పేరు ఒకటే, హ్యాష్ (ఫైలు లోపలి డేటాను బట్టి వచ్చే గుర్తు సంఖ్య) మాత్రం కలవలేదు. మూడు సిస్టమ్‌లకూ ఒకే మాస్టర్ పాస్‌వర్డ్: కస్టమర్ కంపెనీ పేరు, పక్కన 123. అది ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో ఉంది, ఆ గ్రూపులో ఉద్యోగం మానేసినవాళ్లు కూడా ఉన్నారు. జావా సర్వర్‌లో అవసరం ఉన్నా లేకపోయినా దొరికిన కాంపొనెంట్లన్నీ ఎక్కించారు. బయటి ప్రోగ్రాములు శాప్‌లోకి వచ్చే ద్వారమైన గేట్‌వేలో ఎవరైనా వచ్చి రిజిస్టర్ కావచ్చన్నట్టు అన్నిచోట్లా స్టార్ పెట్టి వదిలేశారు. ఇన్‌స్టలేషన్ ఫోల్డర్‌కు 777 పర్మిషన్ (ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు) ఇచ్చి అలాగే ఉంచారు.

మేనేజర్‌తో చెబితే, "ఇవన్నీ గో-లైవ్ అయ్యాక చూసుకుందాం. ఎవరు హ్యాక్ చేస్తారమ్మా దీన్ని? నువ్వు ఐక్యూ డాక్యుమెంట్ మీద సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అన్నారట. ఐక్యూ అంటే ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్, సాఫ్ట్‌వేర్‌ను ఆమోదించిన పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేశామని చెప్పే పత్రం. అంతటితో ఆగలేదు. సీనియర్ ఇన్‌స్టలేషన్ చేసిన రోజుల తేదీలే వేసి సంతకం పెట్టమన్నారు, ఆడిట్‌లో తేడా రాకూడదట.

బాండ్ ఇంకా ఏడు నెలలు ఉంది. నాన్న రిటైరయ్యారు, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు ఈమే కడుతున్నారు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను మరీ ఎక్కువ ఊహించుకుంటున్నానా? సంతకం పెడితే భయం, పెట్టకపోతే ఉద్యోగం పోతుందని టెన్షన్. ఏం చేయమంటారు?" అని అడిగారు.

సమాధానం:

మీరు ఎక్కువ ఊహించుకోవడం లేదు. మీరు చూసినవన్నీ నిజమైన లోపాలే. వాటిని ఎవరూ అడగకుండానే వెతికి పట్టుకున్నారంటే మీ పని మీకు బాగా వచ్చని అర్థం. ముందు ఆ ధైర్యం మీకు ఉండాలి.

మీ మేనేజర్ రెండు వేర్వేరు విషయాలను ఒకే ముడి వేశారు. సర్వర్ ఎంత భద్రంగా ఉంది అన్నది ఒకటి. మీరు ఏ మాట మీద, ఏ తేదీతో సంతకం పెడుతున్నారన్నది రెండోది. మొదటిదానిలో బేరం ఉంటుంది: కొన్ని ఇప్పుడు సరిచేయవచ్చు, కొన్ని రెండు నెలలకు వాయిదా వేయవచ్చు. రెండోదానిలో బేరం లేదు. మీకు ఊపిరాడనంత టెన్షన్ ఈ రెండూ కలిసిపోవడం వల్లే వచ్చిందని నాకు అనిపిస్తోంది. విడివిడిగా చూద్దాం.

సర్వర్ విషయంలో అన్నిటికన్నా ముందు ఆ హార్డ్ డిస్క్ సంగతి తేలాలి. మీ ఉత్తరంలో అది మిగతా లోపాల మధ్య ఒక వాక్యంగా వచ్చింది కానీ, దాని బరువు వేరు. పాస్‌వర్డ్ తర్వాత మార్చుకోవచ్చు, గేట్‌వే తర్వాత బిగించుకోవచ్చు. ఫైలే చెడ్డదైతే మాత్రం తర్వాత సరిచేయడమంటూ ఉండదు. ఇన్‌స్టలేషన్ టూల్‌ను మీరు సర్వర్ మీద పూర్తి అధికారం ఉండే రూట్ యూజర్‌తో నడిపారు. ఆ మీడియాలో, అంటే ఇన్‌స్టలేషన్ ఫైళ్లలో, ఎవరైనా ఏదైనా కలిపి ఉంటే అది రూట్ అధికారంతోనే నడిచినట్టు. అప్పుడు కెర్నల్ ఫైళ్లు మాత్రమే మార్చి సరిపెట్టుకోవడం కుదరదు, కింద ఉన్న లినక్స్‌ను కూడా నమ్మలేం.

అలాగని హ్యాష్ కలవనంత మాత్రాన కుట్ర జరిగిందని అనుకోవద్దు. సగంలో తెగిన కాపీ అయితే విప్పేటప్పుడే ఎర్రర్ వచ్చి ఉండేది, కాబట్టి అది కాకపోవచ్చు. ఎవరో పాత ప్యాచ్ ఫైలుకు కొత్త పేరు పెట్టి ఉండవచ్చు, ఆర్కైవ్‌ను విప్పి మళ్లీ చుట్టి ఉండవచ్చు. ఇలాంటివి ప్రాజెక్టుల్లో జరుగుతూనే ఉంటాయి. తేల్చుకునే దారి ఒకటుంది. శాప్ ఇచ్చే ఆర్కైవ్‌లలో, ఫైలు శాప్‌దేనని తేల్చే డిజిటల్ సంతకం ఉంటుంది. ఆర్కైవ్‌లను విప్పే టూల్ శాప్‌కార్‌ను కొత్తగా శాప్ సైటు నుంచే దించుకోండి, హార్డ్ డిస్క్‌లో ఉన్న పాత శాప్‌కార్ వాడొద్దు. దానికి శాప్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ కామన్‌క్రిప్టోలిబ్‌ను, రద్దయిన సర్టిఫికెట్ల జాబితాను జతచేసి, సంతకం సరిచూసే ఆప్షన్‌తో ఆ హార్డ్ డిస్క్‌లోని ఆర్కైవ్‌లన్నిటినీ నడపండి. కెర్నల్ ఒక్కటే కాదు, హానా, హోస్ట్ ఏజెంట్, ఇన్‌స్టలేషన్ టూల్, అన్నీ. ఒక పూటలో అయ్యే పని ఇది. ఎవరి అనుమతీ అవసరం లేదు, సర్వర్ ఆపాల్సిన పనీ లేదు.

అన్నిటి సంతకాలూ సరిపోతే మీ గుండె మీద సగం బరువు దిగినట్టే. ఒక్కటి సరిపోకపోయినా మూడు సిస్టమ్‌లూ మళ్లీ కట్టాలి. ప్రొడక్షన్ ఒక్కటే కడితే చాలదు, ఎందుకంటే ప్రొడక్షన్‌లోకి వెళ్లే ప్రతి ట్రాన్స్‌పోర్టూ (మార్పుల మూట) డెవలప్‌మెంట్ నుంచే వస్తుంది. మొదలు పెట్టాల్సింది అక్కడి నుంచి. గో-లైవ్ జరగదనే మాట మేనేజర్‌కు చెప్పాల్సి వస్తే ఇదొక్క కారణానికే చెప్పండి. దీనికి రాజీ పడొద్దు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి మందుల కంపెనీలకే సంబంధించిన ఒక అనుభవం ఉంది. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో ఎం.ఇ.డాక్ అనే పన్నుల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ పాకింది. ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న విదేశీ కంపెనీల ఉక్రెయిన్ ఆఫీసుల నుంచి అది ప్రపంచమంతా పోయింది. మెర్క్ అనే అమెరికా మందుల కంపెనీలో ఉత్పత్తికే దెబ్బ తగిలి, గార్డసిల్ టీకా డోసులను అమెరికా ప్రభుత్వ నిల్వల నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. నష్టం 140 కోట్ల డాలర్లని చెప్పి బీమా కంపెనీలతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. ఓడల కంపెనీ మేర్స్క్ పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంది. ఆ సంగతి 2018 జనవరిలో దావోస్‌లో చెప్పిన మేర్స్క్ ఛైర్మన్ జిమ్ హేగ్‌మన్ స్నాబే అంతకుముందు శాప్‌కు కో-సీఈఓగా పనిచేసినవారే. "ఎవరు హ్యాక్ చేస్తారమ్మా దీన్ని?" అని అడిగిన మీ మేనేజర్‌కు జవాబు ఇదే. మెర్క్‌నూ, మేర్స్క్‌నూ పేరు పెట్టి ఎవరూ వెతకలేదు. వాళ్లు నమ్మి పెట్టుకున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వచ్చిన దారి చెడిపోయింది, అంతే.

ఇక పాస్‌వర్డ్‌లు. ఇది గో-లైవ్‌కు ముందే చేయాలి, చేయడానికి టైమ్ కూడా సరిపోతుంది. ఆర్‌ఎస్‌యూఎస్‌ఆర్003 రిపోర్టు నడిపితే అన్ని క్లయింట్లలోనూ (ఒకే సిస్టమ్‌లో విడివిడిగా ఉండే డేటా విభాగాలు) శాప్‌తోపాటే వచ్చే శాప్ స్టార్, డీడిక్, టీఎంఎస్‌ఏడీఎం లాంటి యూజర్లకు డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లు ఉన్నాయేమో చూపిస్తుంది. శాప్ స్టార్ విషయంలో ఇంకొకటి చూడండి. కొత్త క్లయింట్‌లోకి మొదటిసారి లాగిన్ కావడానికి, ఆ యూజర్ ఆటోమేటిక్‌గా లోపలికి రాకుండా ఆపే పరామీటర్‌ను 0 చేస్తారు. క్లయింట్ కాపీ అయ్యాక తిరిగి 1 చేయడం చాలామంది మరిచిపోతారు. అది 0లోనే ఉండి, ఆ క్లయింట్‌లో శాప్ స్టార్ యూజర్ రికార్డు లేకపోతే, పాస్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో ఎవరైనా పూర్తి అధికారంతో లోపలికి రావచ్చు. మీ సీనియర్ క్లయింట్ కాపీ మధ్యలో వెళ్లిపోయారేమో, తప్పకుండా చూడండి.

మార్చేటప్పుడు తొందరపడొద్దు. గో-లైవ్ ముందు సిస్టమ్ లేవకపోతే "చెప్పానా, కెలకొద్దని" అనే మాట మీరే పడాల్సి వస్తుంది. హానాలో అప్లికేషన్ వాడే స్కీమా యూజర్ పాస్‌వర్డ్ మారిస్తే, అప్లికేషన్ వైపు ఆ పాస్‌వర్డ్ దాచి ఉంచే హెచ్‌డీబీ యూజర్‌స్టోర్‌లోనూ వెంటనే మార్చాలి. టీఎంఎస్‌ఏడీఎం పాస్‌వర్డ్ ట్రాన్స్‌పోర్ట్ డొమైన్‌లోని సిస్టమ్‌లన్నిటిలో కలిసి మారాలి, దానికి శాప్ ఇచ్చిన రిపోర్టు ఉంది, చేత్తో ఒక్కోచోట మార్చవద్దు. డీడిక్‌ను లాక్ చేసేముందు దాని పేరు మీద ఏ బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లు నడుస్తున్నాయో చూసుకోండి. హానాలో సర్వాధికారాలున్న సిస్టమ్ అనే యూజర్‌ను రోజువారీ పనికి వాడటం ఆపి, అడ్మిన్‌లకు వేరే యూజర్లు ఇచ్చి, తర్వాత దాన్ని డీయాక్టివేట్ చేయండి. ముందు క్వాలిటీలో చేసి, ఒక రోజు చూసి, తర్వాత ప్రొడక్షన్‌లో చేయండి. మూడు సిస్టమ్‌లకూ మూడు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉండాలి, వాటిని కస్టమర్ తాళం కిందే దాచాలి. వాట్సాప్‌లో ఆ మెసేజ్ డిలీట్ చేసినా లాభం లేదు, చూసినవాళ్లు చూసేశారు. మార్చడమొక్కటే దారి.

ఇన్‌స్టలేషన్ ఫోల్డర్ చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, అందులోని పారామీటర్ ఫైల్లో పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు, వాటిని విప్పే కీ ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉంటుంది. 777 ఇస్తే ఆ సర్వర్ మీదికి రాగలిగిన ఏ యూజరైనా రెండూ పట్టుకుపోవచ్చు. దాన్ని తీసేయకండి, అందులోని లాగ్‌లు మీకు ముందు ముందు సాక్ష్యం. పర్మిషన్ బిగించి, ఒక కాపీ కస్టమర్ దగ్గర భద్రం చేయించి, అప్పుడు సర్వర్ మీద నుంచి తీయండి.

జావా సర్వర్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అవసరం లేని కాంపొనెంట్ ఉన్నా నష్టమేముంది, వాడకపోతే సరి అనుకోవడం మన పరిశ్రమలో బాగా పాతుకుపోయిన అలవాటు. 2020 జులైలో బయటపడిన రీకాన్ లోపం (లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2020-6287) ఎల్‌ఎం కాన్ఫిగరేషన్ విజర్డ్‌లో ఉంది. ఇన్‌స్టలేషన్ తర్వాత సెట్టింగులకు మాత్రమే పనికొచ్చే విజర్డ్ అది, జావా సర్వర్‌లో తనంతట తానే వచ్చేస్తుంది. లాగిన్ లేకుండానే బయటి మనిషి దాని ద్వారా అడ్మిన్ యూజర్‌ను తయారుచేసుకోవచ్చు. తీవ్రత 10కి 10. ఐదేళ్ల తర్వాత 2025 ఏప్రిల్‌లో విజువల్ కంపోజర్‌లో ఇంకొకటి దొరికింది (సీవీఈ-2025-31324), అదీ 10కి 10. లాగిన్ లేకుండా ఫైలు అప్‌లోడ్ చేసి సర్వర్‌ను చేతిలోకి తీసుకోవచ్చు. ప్యాచ్ వచ్చేలోపే దాన్ని వాడి నిజమైన సర్వర్లలోకి చొరబడ్డారు. విజువల్ కంపోజర్ తనంతట తాను ఇన్‌స్టాల్ అయ్యేది కాదు. ఎప్పుడో ఎవరో "ఉంటే మంచిదే కదా" అని టిక్ పెట్టిన చోట్లే ఉంది. ఆ కంపెనీల్లో చాలామందికి అది తమ దగ్గర ఉందని కూడా గుర్తుండి ఉండదు.

కాబట్టి మీ జావా సర్వర్‌లో ఏమేం ఎక్కించారో జాబితా తీయండి. బ్యాంకు, ల్యాబ్ ఇంటర్‌ఫేస్‌లకు ఏవి కావాలో ఇంటిగ్రేషన్ వాళ్లను అడగండి. మిగిలినవి తీసేయగలిగితే తీసేయండి, తీయడం ఇప్పుడు కష్టమైతే ఆపేయండి, ఆపడానికీ వీల్లేకపోతే ఆ దారులను బయటి నుంచి చేరకుండా ముందున్న వెబ్ డిస్పాచర్‌లో మూసేయండి. ప్యాచ్‌లు మాత్రం గో-లైవ్ ముందే తాజాగా ఉండాలి. ఎస్/4 వైపు కూడా వెబ్ సర్వీసులను ఆన్, ఆఫ్ చేసే ఎస్‌ఐసీఎఫ్‌లో అవసరమైన సర్వీసులే ఆన్ చేసి ఉంచండి.

గేట్‌వే విషయంలో మాత్రం నేను మీ మేనేజర్ వైపు కొంత మొగ్గుతాను. ఆ స్టార్ ప్రమాదమే. 2019లో టెన్‌కేబ్లేజ్ పేరుతో బయటికొచ్చిన దాడి ప్రోగ్రాములు సరిగ్గా ఈ సెట్టింగును వాడుకునేవే. శాప్ సాఫ్ట్‌వేర్‌లో లోపమంటూ లేకుండానే, ఇన్‌స్టలేషన్‌లో వదిలేసిన సెట్టింగుతోనే పని జరిగిపోయేది. అయినా గో-లైవ్ ముందు రోజు గేట్‌వేలోకి ఎవరిని రానివ్వాలో చెప్పే రెగ్‌ఇన్ఫో, సెక్‌ఇన్ఫో ఫైళ్లు కఠినంగా రాసేస్తే ఏ ఇంటర్‌ఫేస్ ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. మందుల కంపెనీలో ల్యాబ్ ఫలితం రాకపోతే బ్యాచ్ రిలీజ్ ఆగిపోతుంది. శాప్ దీనికి సిమ్యులేషన్ మోడ్ ఇచ్చింది. రూల్ లేని కనెక్షన్లను ఆపకుండా లాగ్‌లో రాసుకుంటుంది. దాన్ని పెట్టి కనీసం ఒక నెలాఖరు క్లోజింగ్ దాటేవరకు చూసి, వచ్చిన కనెక్షన్ల ప్రకారం రూల్స్ రాసి, అప్పుడు బిగించండి. ఈలోపు గేట్‌వే పోర్టు, మెసేజ్ సర్వర్ లోపలి పోర్టు సర్వర్ల మధ్య తప్ప ఇంకెక్కడి నుంచీ అందకుండా ఫైర్‌వాల్‌లో మూయించండి. అది నెట్‌వర్క్ టీమ్ చేసే పని, శాప్ వైపు ఏమీ కెలకనక్కర్లేదు. "గో-లైవ్ అయ్యాక చూసుకుందాం" అన్న మాట ఇక్కడ న్యాయమే, ఆ "తర్వాత"కు ఒక తేదీ, ఒక పేరు ఉంటే.

ఇప్పుడు సంతకం దగ్గరికి వద్దాం. మందుల కంపెనీలో ఐక్యూ పత్రం ఎవరూ చదవకుండా ఫైల్లో పెట్టేసేది కాదు. కస్టమర్ అమెరికాకు మందులు పంపుతుంటే, ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 1997 నుంచి అమల్లో ఉన్న 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అనే అమెరికా నియమం వర్తిస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఈ సిస్టమ్‌ను ఎవరు, ఎప్పుడు, ఎలా పెట్టారో అడగవచ్చు. పని జరిగిన వేళే రికార్డు రాయాలన్నది డేటా ఇంటెగ్రిటీలో మొదటి పాఠం. పాత తేదీ వేసి సంతకం పెట్టడం 483లో, అంటే ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు లోపాలు రాసిచ్చే ఫారంలో, ఎక్కే తప్పు. హైదరాబాద్ ఫార్మాలో పనిచేసే ఎవరినైనా అడగండి, ఆ అంకె వింటేనే వాళ్ల ముఖం మారిపోతుంది.

పైగా ఆ అబద్ధం నిలబడదు. ఇన్‌స్టలేషన్ లాగ్‌లలో గంట, నిమిషం పడి ఉంటాయి. ఆ రోజు ఏ యూజర్, ఏ ఐపీ నుంచి లాగిన్ అయ్యారో ఉంటుంది. మీరు ఆ ప్రాజెక్టులోకి వచ్చిన తేదీ మెయిల్‌లో ఉంది. మీరు లేని రోజున మీ సంతకం ఉంటే, సర్వరే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. "మిగతాది నేను చూసుకుంటా" అన్న మేనేజర్ ఆ రోజు ఏ మాటతో చూసుకుంటారు? ఆయన నోటి మాటకు పత్రం లేదు, మీ సంతకానికి ఉంది.

ఇక్కడే మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇలాంటి పరిస్థితి కోసం మందుల కంపెనీల క్వాలిటీ విభాగం దగ్గర దారి ముందే వేసి ఉంటుంది. డాక్యుమెంట్ ఆలస్యమైతే ఇవాళ్టి తేదీతో లేట్ ఎంట్రీ రాసి, ఎందుకు ఆలస్యమైందో రాస్తారు. పద్ధతి ప్రకారం జరగనిదానికి డీవియేషన్ తెరుస్తారు, దాన్ని సరిచేసి మళ్లీ జరగకుండా చూసే పనికి కాపా పెడతారు. ఇవి వాళ్లకు రోజూ ఉండే పనులు. పేరు మోసిన కంపెనీల్లోనూ డీవియేషన్‌లు ఉంటాయి. ఇన్‌స్పెక్టర్లు పట్టుకునేది డీవియేషన్ ఉండటాన్ని కాదు, దాన్ని దాచడాన్ని. మీ మేనేజర్ ఐటీ మనిషి కాబట్టి ఆయనకు ఇది తట్టి ఉండకపోవచ్చు. మీరే గుర్తుచేయండి.

ఇక మీ ముందున్న దారులు.

ఆయన చెప్పినట్టే సంతకం పెట్టేయడం ఒకటి. ఈ నెల గడుస్తుంది, ఇంట్లో ఇబ్బంది ఉండదు. ఏమీ జరగకపోవచ్చు కూడా. జరిగితే మాత్రం భారం మీ మీద పడుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో కంపెనీ రిపోర్టు చేయాలి, 180 రోజుల లాగ్‌లు ఉంచాలి. ఆ హడావిడిలో "ఎవరు ఇన్‌స్టాల్ చేశారు" అన్నదే మొదటి ప్రశ్న, చేతికందే మొదటి పేపరు మీ సంతకం ఉన్నదే. ఇప్పుడే నిద్ర పట్టడం లేదన్నారు, ఈ దారిలో ఆ నిద్ర తిరిగి వస్తుందని నాకు నమ్మకం లేదు.

పూర్తిగా నిరాకరించడం రెండోది. మనస్సాక్షికి బాగుంటుంది. కానీ కారణం చెప్పకుండా "నేను పెట్టను" అంటే మీరు మొండిమనిషిలా మిగులుతారు, ఆ పత్రం మీద ఇంకెవరో, మీకన్నా తక్కువ తెలిసిన ఫ్రెషర్ ఎవరో సంతకం పెడతారు. లోపాలు అలాగే ఉంటాయి. దీన్ని మీ చివరి మెట్టుగా ఉంచుకోండి.

మూడోది, నేను మొగ్గేది: మీరు చేసినంతవరకు, మీరు చూసినంతవరకు, సంతకం చేసిన రోజు తేదీతో సంతకం పెట్టడం. ప్రొడక్షన్‌లో రెండో సగం మీరే చేశారు కదా, దానికి మీరు బాధ్యత తీసుకోవచ్చు. మొదటి సగం లాగ్‌ల ఆధారంగా సమీక్షించానని రాయండి, చేశానని కాదు. మిగిలినవి డీవియేషన్ జాబితాగా జతచేయండి. సంతకానికి ముందు మేనేజర్‌కు ఒక మెయిల్ పెట్టండి. ఎవరినీ తప్పుపట్టకుండా ఇలా ఉండవచ్చు:

"సార్, ఐక్యూ పూర్తిచేయడానికి ఇన్‌స్టలేషన్ రివ్యూ చేశాను. మీడియా సంతకాల ఫలితం జతచేశాను. గో-లైవ్ ముందు చేయాల్సినవి ఇవి, నాకు ఇంత టైమ్ కావాలి. గో-లైవ్ తర్వాతికి వదలగలిగినవి ఇవి, ఒక్కోదానికి నేను అనుకున్న తేదీ రాశాను. నేను ప్రాజెక్టులోకి రాకముందు జరిగిన పనులకు లేట్ ఎంట్రీ వేసి, కస్టమర్ క్వాలిటీ విభాగం చెప్పిన పద్ధతిలో డీవియేషన్ తెరుద్దాం. మీరు సరే అంటే ఇవాళే మొదలుపెడతాను."

ఆయన నోటితో జవాబు చెబితే, "మనం మాట్లాడుకున్నట్టు" అని మొదలుపెట్టి ఆ జవాబును ఇంకో మెయిల్‌లో రాసి పంపండి. కాపీలు ఆఫీసు మెయిల్‌లోనే ఉంచుకోండి. కస్టమర్ పాస్‌వర్డ్‌లు, స్క్రీన్‌షాట్లు మీ సొంత జీమెయిల్‌కు పంపుకోవద్దు. మీ రక్షణ కోసం చేసిన పనే అప్పుడు మీ మీద తప్పుగా నిలబడుతుంది.

ఈ దారిలో కూడా ఇబ్బంది ఉండకపోదు. ఆయనకు కోపం రావచ్చు, అప్రైజల్‌లో కనిపించవచ్చు. ఆయన వైపు కూడా ఒకసారి చూడండి. మీలాంటి చిన్న కంపెనీల్లో కస్టమర్ కట్టే పెద్ద మొత్తం తరచుగా గో-లైవ్ మైలురాయికి ముడిపడి ఉంటుంది. ఆ డబ్బు రాకపోతే మీ అందరి జీతాలకే ఇబ్బంది కావచ్చు. ఆయన దుర్మార్గుడు కానక్కర్లేదు, భయపడుతున్న మనిషై ఉండవచ్చు. అందుకే మెయిల్‌లో గో-లైవ్ తేదీని కాపాడే ప్లాన్ ముందు పెట్టండి. ఒకటో తేదీ కదలకుండానే చాలా పనులు అవుతాయని కనబడితే ఆయన స్వరం మారే అవకాశం ఉంది.

మారకపోతే, పాత తేదీ మీద ఇంకా పట్టుబడితే, నాలుగో దారి: మీ కంపెనీలో ఆయన పైన ఉన్న డెలివరీ హెడ్‌కు, లేదా క్వాలిటీ బాధ్యత ఉన్నవాళ్లకు చెప్పడం. నేరుగా కస్టమర్ దగ్గరికి వెళ్లే ముందు ఈ మెట్టు ఎక్కండి, దాటేస్తే మీ కంపెనీ రహస్యాలు బయటపెట్టారన్న మాట వస్తుంది. కానీ మీడియా సంతకాలు సరిపోకపోయి, పైవాళ్లు కూడా నోరు మూసుకోమంటే, కస్టమర్ ఐటీకి తెలియడం తప్పదు. ఆ స్థితి వస్తే ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, మీ అపాయింట్‌మెంట్ లెటర్, బాండ్ చూపించి వెళ్లండి.

ఉద్యోగం మారడం అన్నది ఎప్పుడూ ఉండే దారే. బాండ్‌లో డబ్బు కట్టమని రాసి ఉంటే ఎంతో చూసుకోండి. మీరు మొత్తం ప్రాజెక్టు బరువుతో పోల్చి భయపడుతున్నారేమో, అసలు అంకె చూస్తే అంత ఉండకపోవచ్చు. హానా మీద మూడేళ్ల అనుభవం ఉన్న బేసిస్ వాళ్లకు ఈ నగరంలో పని దొరకనంత కరువు లేదు. సెక్యూరిటీ కంటితో ఇన్‌స్టలేషన్ చూడగలగడం ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ బలం. కానీ ఈ వారం రాజీనామా రాయకండి. భయంలో తీసుకున్న నిర్ణయంగా మిగులుతుంది, పైగా ఆ సర్వర్ అలాగే గో-లైవ్ అవుతుంది.

ఇంట్లో నాన్నగారికి ఈ సంగతి చెప్పారా? ఉత్తరంలో లేదు. సర్వర్ల గురించి ఆయనకు అర్థం కాకపోవచ్చు, తప్పు తేదీ వేసి సంతకం పెట్టమంటున్నారంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది. ఉద్యోగం పోతే ఇంట్లో ఏమవుతుందో మీరొక్కరే లెక్కలు వేసుకుంటున్నారు. తమ్ముడి ఫీజుకు మూడు నెలలు ఎలా సర్దుకోవచ్చో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే, మేనేజర్ ముందు మీ గొంతు ఇంకొంచెం స్థిరంగా ఉంటుంది.

రేపు ఆఫీసుకు వెళ్లగానే ఇంకేదీ ముట్టుకోకుండా కొత్త శాప్‌కార్ దించి ఆ ఆర్కైవ్‌ల సంతకాలు సరిచూడండి. ఫలితం ఏదైనా ఆ అవుట్‌పుట్ ఫైలు దాచండి. మేనేజర్‌కు రాసే మెయిల్‌లో మొదటి పేరా ఏముండాలో అది చూశాకే తెలుస్తుంది. ఫలితం వచ్చాక మళ్లీ రాయండి, సంతకాలు సరిపోకపోతే ఆ మెయిల్ ఎలా ఉండాలో కలిసి చూద్దాం.